ధ్రువయానంలో మా పిల్లల వంతు

"ఓడ బాగుచెయ్యడానికి మన హరిణిని బయటికి పంపేస్తారేమోనండీ, నాకు భయంగా ఉంది," అన్నాను, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"సీరియలే కదే, నీ బెంగ తగలెయ్య!" అని మా ఆయన నవ్వారు.

సీరియలే. మా అమ్మమ్మ చిన్నప్పటి నుంచీ వస్తున్న 'ధ్రువయానం'. అప్పట్లో ఊరంతా ఒకే కథ చూసేవారట. ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ కథ దానిదే, అక్కడి మనుషులనే పాత్రలుగా పెట్టి టీవీయే అల్లుతుంది. మా పిల్లలే అందులో ఆకాశంలో ఓడ నడుపుతారు. హరిణీ, ఎదురింటి రేఖితా మూడేళ్ళుగా దానిమీదే ప్రాణం పెట్టుకున్నారు. కథలో పోయినవాళ్ళకి మళ్ళీ అందులో చోటుండదు.

ఆ మధ్యాహ్నం ఒంటరిగా టీవీ ముందు నిలబడి, "బాబ్బాబు, మా పిల్లని మాత్రం పంపకు," అని దండం పెట్టాను. టీవీ విన్నది. సాయంత్రం కథలో హరిణికి బదులు రేఖిత బయటికెళ్ళింది. తిరిగి రాలేదు.

వారం నుంచి రేఖిత మా గడప తొక్కలేదు. "వంతు నాదమ్మా, నేనెళ్ళాల్సింది," అంటూ హరిణి కంచం ముందు ఏడుస్తుంది. చూడలేక ఎదురింటి తలుపు కొట్టాను. రేఖిత తల్లి సత్యవేణి తీసింది. చేసిందంతా చెప్పేశాను.

లోపల కుక్కర్ మూడుసార్లు కూసింది, అయినా ఆమె కదల్లేదు. నా మొహానే తలుపు వేస్తుందనుకున్నాను.

చివరికి తలెత్తకుండానే అంది: "నేనూ దండం పెట్టాను వదినా. హరిణినే పంపమన్నాను. మీరు నాకంటే ముందు అడిగుంటారు."