ఒకే వాలు

"పాళీ తిప్పకండి బాబాయ్ గారూ. దాని మానాన దాన్ని పోనివ్వండి."

టీచరమ్మ మాటకి పెద్దాయన వేళ్లు వదులు చేశాడు. వెడల్పు పాళీ ఏటవాలుగా ఆనింది. గీత లావుగా దిగి, సన్నగా లేచి, మధ్యలో వణికింది.

"మా డాక్టర్ల చీటీలే నయం," అంది పక్కనున్న నర్సు. గది గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

ఒకనాడు బేకరీ ముందు ధరల బోర్డు చూసి ఆయన కాళ్లు కదల్లేదు. ఒక పక్కకి ఒద్దికగా ఒరిగిన ఇటాలిక్ అక్షరాలు. రాసిందెవరని అడిగితే, తనేనంటూ బేకరీ కుర్రాడు రాత నేర్చుకున్న ఈ గది చిరునామా చెప్పాడు. అప్పటినుంచి పెద్దాయనకి కంటిమీద కునుకు లేదు. నా రాత కోడి గెలికినట్టుంటుంది, బాగుచేసుకుంటానని చెప్పి చేరిపోయాడు.

"ఈ వయసులో ఓనమాలేమిటండీ?" అంది భార్య. "మీ సరుకుల చీటీ నేను చదువుకుంటున్నానుగా ఇన్నాళ్లూ!"

గదిలో గోడకి టీచరమ్మ తమ్ముడి ఫొటో ఉంది. పెద్దాయన ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. చంపుతానంటూ మిల్లు యజమానికి ఆకాశరామన్న ఉత్తరం రాశాడని ఆ తమ్ముణ్ణి జైల్లో పెట్టారు. వచ్చే వారమే ఆఖరి అప్పీలు. అదీ పోతే ఇంకెక్కడికీ వెళ్లడానికి లేదు.

"రాతే పట్టిచ్చిందన్నారు," అందామె సిరా సీసాలు తుడుస్తూ. "అప్పుడు నేను ఆస్పత్రిలో అమ్మ దగ్గరున్నాను. కోర్టు గడప తొక్కలేకపోయాను. వెళ్లుంటే, ఆ వాలు నేర్పింది నేనే, ఊళ్లో సగం మందికి నేర్పాను అని అరిచి చెప్పేదాన్ని."

"మరి రాసిందెవరంటావమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఈ బల్ల ముందు కూర్చున్నవాళ్లే ఎవరో."

ఆమె తనవైపే చూసిందనిపించింది ఆయనకి. తల వంచి మళ్లీ గీత మొదలుపెట్టాడు.

ఆ గదిలో కాగితాల మీద ఎవరూ పేరు రాయరు. పేరు కనిపిస్తే కళ్లు మనిషిని చూస్తాయిగాని అక్షరాన్ని చూడవంటుంది టీచరమ్మ. ఆ సాయంత్రం అందరూ ఒకే వాక్యం రాశారు. ఆరబెట్టిన కాగితాలన్నీ ఫ్యాను గాలికి నేలపాలయ్యాయి.

"ఎవరివి వాళ్లు తీసుకోండి."

పెద్దాయన వంగి ఒకటి తీశాడు. వెలుతురుకి పట్టి, తోకలూ మలుపులూ పరీక్షగా చూసి, "ఇది నాది," అన్నాడు.

"నాదండీ బాబూ!" నర్సు లాక్కుంది. "ఆ మూల నా టీ మరక చూడండి."

ఇంకొకటి తీశాడు. అదీ వేరొకరిది. మూడోది తియ్యబోయి ఆగిపోయాడు. కాగితాలన్నీ ఒకే చెయ్యి రాసినట్టున్నాయి.

"పోనిద్దురూ, రాత కుదిరిందనేగా అర్థం," అంది టీచరమ్మ.

అందరూ వెళ్లాక కూడా ఆయన లేవలేదు. ఫొటోవైపు మొదటిసారి తిరిగి చూశాడు.

"అమ్మా, మీ తమ్ముడి కోసం నేను కోర్టులో చెబుతాను."

ఆమె చేతిలో సీసా ఆగింది. మొహం పాలిపోయింది. "ఆ ఉత్తరం... మీరేనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి మీరేం చెబుతారు? చెప్పినా దారిన పోయే పెద్దమనిషి మాట ఎవరు నమ్ముతారండీ?"

"పోయినసారి నమ్మారమ్మా, ఆ రాత మీ తమ్ముడిదేనని చేతిరాత నిపుణుడిగా బోనెక్కి నేను ప్రమాణం చేసినప్పుడు."