అన్నయ్య లెక్క

"ఆపండాపండి!" స్వరకర్త చేతిలో పుల్ల గాల్లోనే నిలిచిపోయింది. బాకాలన్నీ ఆగాయి. "నా పాట మొత్తానికి ప్రాణం ఆ ఒక్క మోత! అన్నాచెల్లెళ్ళు కూడబలుక్కుని మింగేశారా?"

బ్యాండంతా గొల్లున నవ్వింది.

పెద్ద డ్రమ్ము దగ్గర కర్ర పట్టుకుని అన్నయ్య, పక్కనే ఇత్తడి తాళాలు పట్టుకుని చెల్లెలు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

"నువ్వు కర్ర ఎత్తలేదేం?" ఆమె గొంతు తగ్గించి కసిరింది.

"నువ్వు తాళాలు ఎత్తలేదుగా."

"బాగుంది సంబడం! నేనెప్పుడైనా లెక్కపెట్టి ఏడ్చానా? మోతకి ముందు ఎంతసేపు ఊరుకోవాలో నువ్వు లెక్కపెడతావు. నువ్వు కర్ర ఎత్తితే నేను తాళాలు ఎత్తుతాను. చిన్నప్పట్నుంచీ అంతేగా!"

అన్నయ్య కర్రకున్న మెత్తటి తలని బొటనవేలితో నొక్కుతూ ఉండిపోయాడు.

"బుర్రలో అంకెలు నిలవట్లేదే అమ్మడూ. మధ్యలో జారిపోతున్నాయి. కొన్నాళ్ళుగా నేనే నిన్ను చూసి కొడుతున్నా."

"మరి మొన్నటిదాకా బాగానే..."

"అవన్నీ పాత పాటలు, ఇద్దరి చెవుల్లోనూ ఉన్నాయి. ఇది కొత్తది కదా." స్వరకర్త వైపు ఓరగా చూశాడు. "ఆయనకి చెప్పకే. తీసేస్తారు. ఇది తప్ప నాకింకేం చేతకాదు."

ఆమె తాళాల పట్టీలు వేళ్ళకి బిగించుకుంది.

"మళ్ళీ మొదట్నుంచి!" స్వరకర్త పుల్ల లేచింది.

ఆమె పెదవులు కదుపుతూ లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... పక్కకి చూసింది. అన్నయ్య పాట కాగితం వదిలేసి, చెయ్యి జారితే తప్పిపోతానని భయపడే పసివాడిలా ఆమె పెదవులనే చూస్తున్నాడు.

ఆ చూపు దగ్గర ఆమెకి లెక్క తప్పింది.