పిస్టల్‌కి తగ్గ పెట్టె

పిస్టల్ చవగ్గా ఉండాలి, మొరాయించకూడదు. షూటింగ్ క్లబ్బులో చేరిన కోటేశ్వరరావు అలాంటిదాని కోసం సిడ్నీలో అడగని కొట్టు లేదు.

భార్య విద్యావతి అడ్డు చెప్పకపోవడం ఆయనకే వింతగా ఉంది. “పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌ది చాలండీ. అది దాచే ఇనప్పెట్టె మాత్రం మంచిది కొనండి. రూల్స్ రూల్సే కదా,” అంది.

అలాగే కొని, పెట్టెని పడగ్గది గోడకి బోల్టులతో బిగించాడు. మా ఆవిడకున్న చట్టభయం ఈ దేశంలో పుట్టినవాళ్లకి కూడా లేదని క్లబ్బులో గొప్పలు చెప్పుకున్నాడు.

కొన్నాళ్లకి ఒక పోలీసావిడ తనిఖీకి పెండిల్ హిల్‌లోని వాళ్ల ఇంటికొచ్చింది. కోటేశ్వరరావు హుషారుగా పెట్టె తెరిచాడు.

లోపల కాసులపేరు, వంకీ, గాజులు తళతళలాడుతున్నాయి.

“మీ పిస్టల్ ఏదీ?” అని అడిగింది పోలీసావిడ.

విద్యావతి వంటింట్లో కందిపప్పు డబ్బా చూపించింది. “భయం లేదు మేడమ్. ఇన్నేళ్లూ నా నగలు దాచింది అందులోనే. ఒక్క దొంగకీ దొరకలేదు.”

“నా లైసెన్సు పోతుందే. పిస్టల్ కూడా పట్టుకుపోతారు,” అన్నాడు కోటేశ్వరరావు నీరసంగా.

“పోతే పోనివ్వండి, చవకదేగా,” అంది విద్యావతి, పెట్టెకి తాళం వేస్తూ.