జూకి ముగ్గురమే

"మీరు పెట్టిన కూరలో మిరియాలున్నాయి," అంది మైకా, కంచం ముందుకు తోసి.

రొవీనా చెయ్యి గరిటె మీదే ఆగింది. మనీలాలో నాలుగు రోజులకని అద్దెకు దిగిన గది అది. జూకి పట్టుకెళ్ళడానికని తెల్లవారకముందే లేచి, ఉన్న ఒక్క పొయ్యి మీద కోడి అదోబో వండింది.

"అదోబోలో మిరియాలు కాక ముత్యాలుంటాయా?"

"అమ్మయితే ఏరేసి పెడుతుంది."

మళ్ళీ అమ్మ! నిన్న కొత్త బూట్లు కొనిస్తే వేళ్ళు నొక్కుతున్నాయంది, అమ్మకైతే తన పాదం కొలత తెలుసంది. జడ వేయబోతే అమ్మ ఇంత బిగించదంది. ఇలోయిలో ఊళ్ళో ఇంట్లో కూర్చునే ఆ మిలా ఈ గదినంతా ఏలుతోంది.

కిటికీ దగ్గర ఆ బూట్ల తాళ్ళు వదులు చేస్తున్న రోడెల్ నవ్వాడు.

"ఆ ముఖం పెట్టుకుని జూకి రాకు రొవీనా. పులి జడుసుకుంటుంది."

"నవ్వు, నవ్వు. నీకెప్పుడూ ఆమే గొప్ప."

"నాన్నా, జూకి ఎల్లుండి పోదాం," మైకా అతని మోకాళ్ళ మీదికి వాలింది. "అమ్మ ఓడెక్కితే రేపటికి వచ్చేస్తుంది కదా!"

"ఊఁ, అదీ బాగానే ఉంది..."

"వద్దు!" రొవీనా గొంతు ఆమెకే కటువుగా వినిపించింది. "ఇవాళే వెళ్దాం. ముగ్గురమే. ఆమె లేకుండా ఒక్క రోజు గడవదా?"

మైకా కళ్ళు నిండాయి. తండ్రి ఫోను లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"అమ్మా, నువ్వు రావద్దంట..."

ఆ తర్వాత పిల్ల వింటూ ఉండిపోయింది. "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది. చివరికి ముక్కు తుడుచుకుని ఫోను రొవీనా వైపు చాచింది.

"మీతో మాట్లాడుతుందట."

రొవీనా పోట్లాటకు సిద్ధపడే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"నేను రాను," అంది మిలా. "ముగ్గురే వెళ్ళండి. ఒక్క మాట చెబుతా విను. పులి గాండ్రిస్తే మైకా బిగుసుకుపోతుంది. నువ్వు చెయ్యి పట్టుకోబోకు, విదిలించుకుంటుంది. ఊరికే పక్కన నిలబడు. కాసేపటికి అదే నీ చొక్కా అంచు పట్టుకుంటుంది."

రొవీనా గోడవైపు తిరిగి కూర్చున్న పిల్లకేసి చూసింది.

"ఎప్పటినుంచి ఇలా, వదినా?"

"నువ్వు కువైట్ పనికి వెళ్ళిన రోజునుంచి. నీ విమానం చప్పుడుకి బెదిరి నా చొక్కా పట్టుకుంది, సాయంత్రం దాకా వదల్లేదు."

మిలా ఇంకో మాట చెప్పింది.

"అప్పటికది నీ పాలు కూడా మానలేదు."