బుచ్చవ్వ దినాలు

మంగళవారం వచ్చిందంటే వెంకటేశం లాలాగూడలో ఆటో ఎక్కి, తార్నాకలో దిగి, యూనివర్సిటీ ల్యాబు దాకా నడుస్తాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి కదా, అన్నిటికీ ముందే వస్తాడు. పదకొండు దాటాకే రమ్మని ల్యాబులో పరిశోధన చేసే నవత ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"ఉన్నదా బిడ్డా?" అన్నాడు గుమ్మంలోనే.

"ఉన్నది అంకుల్. కూర్చోండి."

ఆయన అడిగింది భార్య బుచ్చవ్వ గురించి. బుచ్చవ్వ చనిపోయి నెల దాటింది.

ఆమెకు కీళ్లవాతం. పరిశోధన కోసం మోకాలి నీరు ఇచ్చిన నాలుగో రోజున గుండె ఆగింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన వెంకటేశం ఇదే గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, ఏం చేయాలో తోచక నవత ఒక మాట అనేసింది.

"ఆంటీ కణాలు మా దగ్గర ఇంకా బతికే ఉన్నాయి అంకుల్."

ఓదార్పుకు అన్న మాట. ఆయన దాన్నే పట్టుకున్నాడు. మనిషి పూర్తిగా పోకముందే దినాలు ఎట్లా చేస్తారని మొండికేశాడు. కూతురు వనజ బతిమాలింది, చుట్టాలు తిట్టిపోశారు. ఆయన మాత్రం వినలేదు.

నవత రెండు చేతులతో కణాలున్న సీసా మూత తిప్పి, ఒక చుక్క గాజుపలక మీద వేసింది. వెంకటేశం మైక్రోస్కోపు మీదికి వంగాడు.

"గివే గదా బిడ్డా, దాని కీళ్లు తిన్నయి?"

"అవే. రోగాల నుంచి కాపాడాల్సిన కణాలే. పొరబడి సొంత కీళ్ల మీద పడతాయి."

"పొద్దుగాల చాయ్ గిలాస గూడ పట్టనియ్యకపోయె. తిడుదామనే వస్త. చూసినంక నోరు రాదు. ఏం జేస్త, దానియే గదా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి ఎలాగైనా ఒప్పించాలని నవత ఇంట్లోనే అనుకుని వచ్చింది.

"అంకుల్, ఇక దినాలు చేసేయండి. వనజక్క బాధపడుతోంది."

"అంటే... అయిపోతున్నయా?" ఆయన ముఖం తెల్లబోయింది.

ఆ ముఖం చూశాక నవత, "లేదు. ఉన్నాయి," అంది.

వెంకటేశం అక్కడే వనజకు ఫోన్ చేశాడు. "మీ అమ్మ ఉన్నదే. అయ్యగారికి దినాలు ఇప్పుడే వద్దని చెప్పు."

అవతల వనజ ఏడుపు నవతకు కూడా వినపడింది. వెంకటేశం ఫోన్ జేబులో పెట్టుకుని, "మళ్ల మంగళారం వస్త బిడ్డా," అని వెళ్లిపోయాడు.

నవత బల్ల పట్టుకుని మెల్లగా లేచి, సీసాను మళ్లీ కణాలను వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

బుచ్చవ్వ కణాలు ఆయన రెండోసారి వచ్చేలోపే చచ్చిపోయాయి. అప్పటి నుంచి ఆయన చూసి ఏడుస్తున్నవి, అదే కీళ్లవాతం ఉన్న నవత మోకాలిలోంచి తీసినవి.