పన్నెండుకు పన్నెండూ

పది గంటలకు కూతురికి కిరణాలు పెడతారు. తొమ్మిదింబావయింది.

ఎలుకల నాన్న ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేసేది, నీళ్లు పెట్టేది, గూళ్లలో పొట్టు మార్చేది ఆయనే. ఇరవై ఏళ్లుగా అదే పని. అందుకే ఆ పేరు.

"కాస్త కూర్చోండి," అంది భార్య. "కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?"

"ఎలుకల నాన్న పిల్లి ఎప్పుడయ్యాడమ్మా?" చక్రాల కుర్చీలోంచి కూతురు నవ్వింది. పదకొండేళ్ల పిల్ల. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ.

ఆయనా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

గడ్డ కరగాలంటే రేడియేషన్ కిరణాలు పెట్టాలి. కానీ ఆ పిల్లకు పుట్టుకతోనే ఒక జన్యువు చెడింది. కణంలో డీఎన్ఏ పోగు తెగితే "ఇక్కడ తెగింది, కుట్టండి" అని కేక పెట్టే జన్యువు అది. కేక పెట్టేవాడు లేని ఒంటికి ఆ పోగులు తెంపే కిరణాలు తగిలితే గడ్డతో పాటు మనిషీ పోవచ్చు. ఎలుకల్లోనూ అదే జన్యువు ఉంటుంది. మూడేళ్ల కిందట పరిశోధకురాలు ఆ జన్యువు లేని పన్నెండు ఎలుకలకు కొత్త మందు పట్టించి, కిరణాలు పెట్టించింది. పన్నెండుకు పన్నెండూ బతికాయి. ఆ మందే నిన్న కూతురికి ఇచ్చారు.

ఆ ఎలుకలను నెల రోజులు సాకింది ఆయనే. ఏది ఏ ఎలుకో చెవి అంచున కత్తిరించిన గుర్తే చెప్పేది. అప్పటికింకా కూతురి జబ్బు పేరేమిటో కూడా ఇంట్లో తెలియదు.

"దేవుడు మిమ్మల్ని ఊరికే పెట్టలేదండీ ఆ గదిలో," అంది భార్య. "ఎవరి చేతుల మీదుగా ఎవరికి మేలు రాసిపెట్టాడో!"

ఆయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకోబోయాడు. అన్నీ చూస్తూనే ఉన్నవాడిని కొత్తగా ఏమని అడుగుతాం?

పరిశోధకురాలు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అలా ఉన్నారేమిటి? మీ హస్తవాసి నాకు తెలియదా? మీరు సాకిన నెలంతా చావు ఆ గది గడప తొక్కలేదు."

"మేడం... ఇంకో విడత ఎలుకల మీద చూసి, అప్పుడు పెడితే?"

"అంతవరకు గడ్డ ఆగుతుందా? మాత్రలతో తగ్గించవచ్చు, కాదనను. కానీ ఏడాది పడుతుంది, రోజూ వాంతులు. ఇది పది రోజుల్లో అయిపోతుంది. పసిదానికి ఆ శిక్ష ఎందుకు చెప్పండి?"

"ఏమీ అనుకోకండి మేడం," భార్య సర్దిచెప్పింది. "పిరికి మనిషి. మొదటినుంచీ ఇంతే."

పదికి అయిదు నిమిషాలుండగా నర్సు వచ్చి కుర్చీ తోసుకుపోయింది. కూతురు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"నాన్నా, నేను పదమూడో ఎలుకని!"

బరువైన తలుపు మెల్లగా మూసుకుంటోంది.

ఎలుకల నాన్న పరుగెత్తాడు. తలుపు సందులో చెయ్యి పెట్టేశాడు. నర్సు కెవ్వుమంది. తలుపు ఆగింది.

"మీకేమైనా పిచ్చా?" పరిశోధకురాలు వెనకే పరుగున వచ్చింది.

ఆయన ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"చచ్చిపోయిన తొమ్మిదింటి చోట, నా సాకుడులో లోపమంటారని భయపడి, మీరు రాకముందే పక్క గూట్లోని మామూలు ఎలుకలకు అవే చెవి గుర్తులు కత్తిరించి పెట్టింది నేనే మేడం."