కార్డినల్ గారి కోడి

ఆన్సెల్మ్ గీసిన కార్డినల్ బొమ్మ మళ్లీ అమ్ముడుపోయింది. వేయించిన కోడిని చూసి పెదాలు తడుపుకునే ఎర్రంగీ మతగురువు! పారిస్ అంతా ఎగబడి నవ్వుతోంది. నాకు కడుపు మండిపోతోంది.

నేనూ అదే గీస్తాను. ఇద్దరం అద్దెకు తెచ్చుకునే అంగీ ఒకటే, బంగారు కుర్చీ ఒకటే. అందులో కూర్చునే ముసలి బార్నబే కూడా ఒకడే. అయినా నా బొమ్మ ముందు ఎవడూ ఆగడు.

ఇవాళ కుంచె విసిరికొట్టాను.

"ఏమోయ్ బార్నబే, వాడి దగ్గర వెలిగిపోయే మొహం నా దగ్గరకొచ్చేసరికి చచ్చిపోతుందేం?"

"మీ కోడి ఒట్టి ప్లాస్టర్ బొమ్మ కదయ్యా! అక్కడ నిజం కోడి. తినమంటారు."

"అంతేనా? రేపే తెప్పిస్తా."

"అంతే కాదయ్యా. ఇంత సంపాదించాక కూడా, గీసే రోజున ఆయన పస్తుంటారు. నేను నమిలే ప్రతి ముక్కనీ కళ్లతో మింగుతూ గీస్తారు. ఆ చూపు మీకూ ఉందిలెండి."

"నాకా? ఎప్పుడు చూశావ్?"

బార్నబే ఎర్ర టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మొన్న ప్రదర్శనలో, ఆయన బొమ్మ ముందు."